ఆ ఒక్క రాత్రి కాదు, అన్ని రాత్రులూ



ఇంకా తెల్లవారకముందే జనగామ ధర్మకంచ మినీ స్టేడియంలో, మహబూబాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో, భూపాలపల్లి అంబేద్కర్ స్టేడియంలో పరుగు మొదలుపెట్టే యువతీ యువకుల గురించి, వాళ్ల నిద్ర గురించి ఈ పూట మాట్లాడుకుందాం. గ్రౌండు దగ్గర్లో లేనివాళ్లు ఊరవతలి తారురోడ్డు మీదో, చెరువు కట్ట మీదో రన్నింగ్ చేస్తారు. వీళ్లలో చాలామంది పరుగెత్తేది పతకం కోసం కాదు, కొలువు కోసం. 2018 నాటి కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు 800 మీటర్ల పరుగు ఉండేది, గడువు 170 సెకన్లు. 2022 నోటిఫికేషన్‌తో అది 1600 మీటర్లయింది, గడువు 7 నిమిషాల 15 సెకన్లు. మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. సైన్యంలో అగ్నివీర్‌గా చేరదలచినవాళ్లు అదే 1600 మీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేస్తే 60 మార్కులు పడతాయి. అడవిశాఖలో బీట్ ఆఫీసర్ కొలువుకు పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ నుంచి విడివడి ఏర్పడిన ఈ మూడు జిల్లాల్లో దమ్ము పెంచుకోవడమన్నది ఆటగాళ్ల ముచ్చట మాత్రమే కాదు. అది వేల ఇళ్ల బతుకుదెరువుతో ముడిపడిన విషయం.

ఇలా తయారయ్యేవాళ్ల దగ్గర రౌండ్ల లెక్క ఉంటుంది, సెకన్ల లెక్క ఉంటుంది. గుడ్లెన్ని తినాలో, శనగలు ఎన్ని నానబెట్టాలో తెలుసు. నిద్రకు మాత్రం లెక్క ఉండదు. చదువు, పని, ప్రాక్టీసు, ఫోను అన్నీ అయ్యాక రోజులో ఏం మిగిలితే అదే నిద్ర. తీరా ఈవెంట్స్ అనే దేహదారుఢ్య పరీక్షల ముందు రాత్రి కన్ను మూతపడకపోతే మాత్రం, ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలైందని బెంబేలెత్తిపోతారు. ఈ ధోరణి తలకిందులుగా ఉందన్నది నా వాదన. ఆ ఒక్క రాత్రికి అంత భయపడనక్కరలేదు. పట్టించుకోవలసింది, సరిదిద్దుకోవలసింది దానికి ముందు నెలల తరబడి అరకొర నిద్రతో గడిచిపోయిన రాత్రులను. నిద్ర అంటే ప్రాక్టీసు అయిపోయాక తీసుకునే విరామం కాదు, అది ప్రాక్టీసులోనే ఒక భాగం. అలా అనడానికి ఆధారాలేమిటో, దీనికి ఎదురుగా వచ్చే ప్రశ్నలకు జవాబేమిటో వరుసగా చూద్దాం.

ముందుగా పరుగు సంగతి. 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు. 7 నిమిషాల 15 సెకన్లలో ముగియాలంటే ఒక్కో రౌండుకు సగటున 1 నిమిషం 48 సెకన్లు పడతాయి. ఇంతసేపు సాగే పరుగులో ఒంటికి కావలసిన శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా, పీల్చుకున్న ప్రాణవాయువు సాయంతోనే తయారవుతుంది. అందుకే ఇది కాళ్ల వేగానికి పరీక్ష అనేకన్నా దమ్ముకు పరీక్ష అనడం సబబు. దమ్ము పెరగాలంటే గుండె ప్రతి స్పందనకూ ఎక్కువ రక్తం పంపగలగాలి, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగాలి, ఆ రక్తం మోసుకొచ్చిన ప్రాణవాయువును వాడుకునే శక్తి కండరానికి రావాలి. పరుగు చేసే పని ఈ మార్పులు అవసరమని ఒంటికి తెలియజెప్పడం వరకే. మార్పులు జరిగేది పరుగు ఆగాక. రాత్రి మొదటి భాగంలో పట్టే గాఢనిద్రలో గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది. పగటి శ్రమకు దెబ్బతిన్న కండరం ఆ వేళ బాగుపడుతుంది. నిద్ర కరువైతే కండరాల్లోని ఇంధనం కూడా పూర్తిగా నిండదు. ఆటగాళ్లను 30 గంటలు మెలకువగా ఉంచి చూసిన 2011 నాటి ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, వాళ్ల కండరాల్లో గ్లైకోజెన్ నిల్వలు తక్కువగా కనబడ్డాయి. స్లాబు పోసిన మేస్త్రీ ఆ సాయంత్రమే సెంట్రింగ్ విప్పడు. రోజుల తరబడి నీళ్లు పట్టి, అది గట్టిపడేదాకా ఆగుతాడు. పొద్దున పరుగెత్తి రాత్రి నిద్ర మానేసే రన్నర్ మాత్రం సెంట్రింగ్ ముందే విప్పేస్తున్నాడు.

ఇక నిద్ర పెంచితే, తగ్గిస్తే ఏమవుతుందో పరిశోధకులు కొలిచి చూశారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టులోని 11 మందిని ఐదు నుంచి ఏడు వారాల పాటు రోజూ పది గంటలు పడక మీద ఉండేలా ప్రయత్నించమన్నారు. వాళ్లు అంతకుముందు 16.2 సెకన్లలో ముగించిన కోర్టు పరుగు సగటున 15.5 సెకన్లకు దిగింది. బంతిని బుట్టలో వేసే గురి కూడా దాదాపు తొమ్మిది శాతం మెరుగైంది. 2011లో వెలువడిన ఈ అధ్యయనంలో పోల్చి చూసేందుకు మరో జట్టు లేదు, కాబట్టి ఫలితమంతా నిద్రదే అనలేం. దూరం పరుగుకు దగ్గరగా ఉన్నది 2019లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగం. దమ్ము సాధన చేసే తొమ్మిది మంది చేత వరసగా మూడు రాత్రులు ఎక్కువసేపు నిద్రపోనిచ్చి ఒకసారి, మామూలుగా ఉంచి ఒకసారి, నిద్ర తగ్గించి ఒకసారి సైకిల్ తొక్కించారు. ఎక్కువ నిద్ర దక్కినప్పుడే వాళ్ల టైమింగ్ అన్నిటికన్నా మేలుగా ఉంది. నిద్రకూ గాయాలకూ ఉన్న సంబంధాన్ని 2014లో అమెరికాలో 112 మంది బడిపిల్లల మీద పరిశీలించారు. ఎనిమిది గంటలకన్నా తక్కువ నిద్రపోయే పిల్లలకు ఆటల్లో గాయమయ్యే అవకాశం 1.7 రెట్లు కనిపించింది. 2015లో మరో బృందం 164 మందికి జలుబు వైరస్‌ను ముక్కులో చుక్కలుగా వేసి చూసింది. ఆరు గంటల లోపు నిద్రపోయేవాళ్లు, ఏడు గంటలు దాటి నిద్రపోయేవాళ్లకన్నా 4.2 రెట్లు ఎక్కువగా జలుబు బారిన పడ్డారు. ఒక్కో అధ్యయనం చిన్నదే కావచ్చు, ఒక్కోదానికి ఒక్కో పరిమితి ఉండవచ్చు. అయినా టైమింగ్, గాయాలు, జబ్బులు అనే మూడు వేర్వేరు దారుల్లో వెళ్లి చూసినా అందరూ చేరింది ఒకే చోటికి. పిక్క పట్టేసి పది రోజులు, జ్వరం వచ్చి వారం రోజులు ప్రాక్టీసు పోగొట్టుకున్న రన్నర్‌కు దీని విలువ ఎంతో వేరే చెప్పనవసరం లేదు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. మొదట్లో కష్టంగా ఉన్నా, నాలుగైదు గంటల నిద్ర అలవాటైపోయింది, ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు అని. ఆ అనిపించకపోవడమే అసలు ప్రమాదం. 2003లో అమెరికాలో 48 మందిని గుంపులుగా విడదీసి, రోజుకు నాలుగు గంటలు, ఆరు గంటలు, ఎనిమిది గంటలు నిద్రపోనిచ్చి రెండు వారాలు గమనించారు. ఆరు గంటలే నిద్రపోయినవాళ్ల చురుకుదనం రోజురోజుకూ పడిపోతూ వచ్చింది. రెండు వారాలు ముగిసేసరికి, రాత్రంతా బొత్తిగా నిద్రలేనివాళ్లంత మందకొడిగా తయారయ్యారు. అదే సమయంలో మీకు నిద్రమత్తుగా ఉందా అని అడిగితే, పెద్దగా లేదన్నారు. అంటే ఒంటికి అలవాటైంది తక్కువ నిద్ర కాదు, తక్కువ నిద్రతో వచ్చే మందకొడితనం. దాన్ని గుర్తుపట్టే శక్తి కూడా ఆ నిద్రలేమిలోనే పోతుంది. నాకేమీ కావడం లేదన్న మాటను రన్నర్ అందుకే నమ్మకూడదు. వారం వారం రాసుకున్న టైమింగ్‌నే నమ్మాలి.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం, ఎందుకంటే కంటి మీద కునుకు లేని ఒక్క రాత్రికి హడలిపోయేవాళ్లకు దక్కవలసిన ధైర్యం అక్కడుంది. 2011లో జర్మనీలో 632 మంది క్రీడాకారులను అడిగితే, గడిచిన ఏడాదిలో పోటీకి ముందు రాత్రి కనీసం ఒక్కసారైనా సరిగా నిద్ర పట్టలేదని ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది చెప్పారు. వాళ్లలో ఎక్కువమంది దానివల్ల తమ ఆట చెడలేదని కూడా అన్నారు. 2015లో ఆస్ట్రేలియాలో 283 మందిని అడిగినప్పుడు కూడా 64 శాతం మంది పోటీ ముందు సరిగా నిద్ర పట్టలేదనే చెప్పారు. మారథాన్ ముందు రాత్రి 103 మంది రన్నర్ల నిద్రను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. వాళ్లలో ఇంచుమించు 70 శాతం మంది మామూలుకన్నా సరిగా నిద్రపోలేదు. నిద్ర చెడినవాళ్లకు పొద్దున కాస్త అలసటగా, బిగువుగా అనిపించింది. కానీ 42.195 కిలోమీటర్ల పరుగులో వాళ్ల ఫలితానికీ ఆ రాత్రి నిద్రకూ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. పెద్ద పరీక్ష ముందు నిద్ర పట్టకపోవడం ఆ రన్నర్ బలహీనతకు గుర్తు కాదు. తనకు ముఖ్యమైన దానికి ఒళ్లు సిద్ధమవుతున్నదని మాత్రమే దాని అర్థం.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. 2009లో బ్రిటన్‌లో 11 మందిని ఒక రాత్రి పూర్తిగా మెలకువగా ఉంచి, మరునాడు ట్రెడ్‌మిల్ మీద అరగంట పరుగెత్తించారు. నిద్రపోయినప్పుడు సగటున 6,224 మీటర్లు వెళ్లినవాళ్లు, నిద్రలేనప్పుడు 6,037 మీటర్లే వెళ్లారు. కష్టం మాత్రం రెండు రోజులూ ఒకేలా తోచింది. తేడా మూడు శాతం. 7 నిమిషాల 15 సెకన్ల మీద మూడు శాతమంటే 13 సెకన్లు, కొలువు వచ్చేదీ పోయేదీ తేల్చగల 13 సెకన్లు. మరి ఒక్క రాత్రికి భయపడొద్దని ఎలా అంటారు? ఆ ఒక్క రాత్రికి వెల ఏమీ లేదని నేను అనడం లేదు. కానీ ఆ ప్రయోగంలో వాళ్లు కన్నార్పకుండా రాత్రంతా కూర్చున్నారు. ఆందోళనతో పక్క మీద దొర్లేవాళ్లు తమకు తెలియకుండానే మధ్యమధ్య గంటో రెండు గంటలో నిద్రపోతారు. నిద్ర పట్టనివాళ్లు తాము నిద్రపోయిన సమయాన్ని తక్కువగా అంచనా వేసుకోవడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. పైగా ప్రయోగశాలలో పోటీ ఉండదు, పక్కన పరుగెత్తేవాళ్లు ఉండరు, విజిల్ వినగానే ఒంట్లో పొంగే ఊపు ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పదమూడు సెకన్లకు విరుగుడు ముందు రాత్రి చేతిలో లేదు, అంతకుముందు నెలల చేతిలో ఉంది. ప్రాక్టీసులో 7 నిమిషాలకే పరుగు ముగించగల స్థితికి చేరుకున్నవాళ్లకు ఒక చెడ్డ రాత్రిని మోసే వెసులుబాటు ఉంటుంది. 7 నిమిషాల 14 సెకన్లకు ఆయాసపడుతూ చేరేవాళ్లకే అది ఉండదు. ఆ వెసులుబాటును కూడబెట్టేది మళ్లీ నిద్రతో కూడిన ప్రాక్టీసే.

నెలలు అని ఊరికే అనలేదు. 2022 కానిస్టేబుల్ నియామకాల క్రమాన్నే చూడండి. ఆగస్టు 28న ప్రిలిమినరీ పరీక్ష, డిసెంబరులో ఈవెంట్స్ మొదలు, 2023 ఏప్రిల్ 30న తుది రాతపరీక్ష. ఎనిమిది నెలలు. అన్ని నెలల్లో అభ్యర్థి చేతిలో ఉన్న రాత్రులు 240కి పైమాటే. వాటిలో ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం ఎవరికైనా సహజం. మిగిలిన రాత్రులను చేజేతులా కుదించుకోవడం సహజం కాదు, అది మనం తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయం చదువుకు కూడా మేలు చెయ్యదు. పగలు చదివింది మెదడులో స్థిరపడడంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది. అర్ధరాత్రి దాకా జనరల్ స్టడీస్ చదివి, నాలుగింటికి లేచి గ్రౌండుకు వెళ్లే మనిషి రెండు పరీక్షలకూ సరిపోని కష్టం పడుతున్నట్టే.

సరే, నిద్రకు సమయం కేటాయించినా పట్టడం లేదంటే? కారణాలు చాలావరకు రన్నర్ దినచర్యలోనే దొరుకుతాయి. మొదటిది చాయ్. 2013లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో పడకకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గింది. ఒక్క కప్పు చాయ్‌లో అంత ఉండదు, నిజమే. కానీ సాయంత్రం నుంచి చదువు పేరుతో నాలుగైదు కప్పులు పడితే లెక్క మారుతుంది. మధ్యాహ్నం దాటాక చాయ్ మానడం పైసా ఖర్చు లేని మందు. రెండోది సాయంత్రపు ప్రాక్టీసు. సాయంత్రం పరుగెత్తితే నిద్ర చెడుతుందన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. 2019లో చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, సాయంత్రపు వ్యాయామం సాధారణంగా నిద్రను పాడుచెయ్యదని, గట్టి వ్యాయామం పడకకు గంటలోపు ముగిస్తేనే ఇబ్బంది అని తేలింది. కాబట్టి పని దిగాక ఏడింటికి పరుగెత్తి పదింటికి పడుకునేవాళ్లు దిగులుపడనక్కరలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు స్పీడ్ రౌండ్లు కొట్టి పదింటికి పడుకోవాలనుకోవడమే పొరపాటు.

మూడోది చాలామంది గుర్తించనిది, మోతాదు మించిన ప్రాక్టీసు. రోజూ గట్టి పరుగే, వారానికి ఒక్కరోజైనా తేలిక పరుగు లేదు, విశ్రాంతి లేదు. అలాంటప్పుడు ఒళ్లు అలసిపోయి హాయిగా నిద్ర పట్టాలి గదా అనుకుంటాం. జరిగేది వేరు. శ్రమ హద్దు దాటినప్పుడు నిద్ర తగ్గడం, మధ్యమధ్య మెలకువ రావడం, పొద్దున లేవగానే నాడి మామూలుకన్నా వేగంగా కొట్టుకోవడం కనబడతాయి. ఈ లక్షణాలు చూసి ఇంకో రెండు రౌండ్లు పెంచేవాళ్లు చేస్తున్నది కష్టం కాదు, నష్టం. అప్పుడు తగ్గించవలసింది పరుగునే. నాలుగోది రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇనుము లోపిస్తే దమ్ము తగ్గడమే కాదు, రాత్రి పడుకోగానే కాళ్లలో పురుగులు పాకినట్టు, గుంజినట్టు అనిపించి కదిలిస్తే తప్ప నిలవని స్థితి కూడా రావచ్చు. దాన్ని పరుగు నొప్పులనుకొని నూనె రాసుకుంటూ కూర్చోవద్దు. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని డాక్టరుకు చెప్పాలి.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన అభ్యంతరాల దగ్గరికి వద్దాం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. పొద్దెక్కాక పరుగెత్తడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, కాబట్టి నాలుగింటికి లేవక తప్పదు. బొగ్గుగనుల భూపాలపల్లిలోనైనా, మిరప పండే మహబూబాబాద్ పల్లెల్లోనైనా రేకుల ఇళ్లు, స్లాబు ఇళ్లు రాత్రి పదకొండు దాటినా చల్లబడవు. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంత తగ్గాలి. వేడి గదిలో అది తగ్గదు. మరి ఎనిమిది గంటల నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? రాత్రే రావాలని లేదు. 2007లో బ్రిటన్‌లో, రాత్రి నాలుగు గంటలే నిద్రపోయిన పదిమందికి మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట కునుకు తీయనిచ్చి చూస్తే వాళ్ల చురుకుదనం, పరుగు వేగం రెండూ మెరుగయ్యాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఎటూ బయట పని సాగదు. ఆ వేళ ఒక కునుకు, సాయంత్రం స్నానం, ఆరుబయటో డాబా మీదో దోమతెర కట్టుకుని తొమ్మిదిన్నరకల్లా పడక, ఇది మన పల్లెలకు కొత్తగా నేర్పవలసిన పద్ధతి కాదు. గట్టి ప్రాక్టీసుకు చలికాలాన్ని వాడుకుని, మండువేసవిలో పరుగు తగ్గించుకోవడం ఇంకా తెలివైన పని.

మా తాతలు, తండ్రులు ఎంత నిద్రపోయారు, వాళ్లు కష్టం చెయ్యలేదా అన్నది రెండో అభ్యంతరం. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడల్లా లేచి బావి దగ్గరికి పోయి మోటరు వేసి రావడం ఈ జిల్లాల రైతులందరికీ తెలిసిన బతుకే. ఆ కష్టానికి చేతులెత్తి మొక్కాలి. కానీ దాన్ని ఆదర్శంగా చూపించడం ఆ రైతులకు కూడా న్యాయం కాదు. నిద్రమత్తులో చీకట్లో పోయి కరెంటు తగిలి, పాము కరిచి పోయినవాళ్లు ఎందరో ఆ రాత్రుల్లోనే ఉన్నారు. రాత్రి మేలుకున్నవాళ్లు మధ్యాహ్నం చెట్టు కింద ఒరిగి ఆ లోటు కొంత పూడ్చుకున్నారు కూడా. భూపాలపల్లి సింగరేణి గనుల్లో మూడు షిఫ్టుల మీద పనిచేసే కార్మికుల ఇళ్లకు ఈ విషయం ఇంకా బాగా తెలుసు. నైట్ షిఫ్టు దిగివచ్చిన మనిషి నిద్రపోతుంటే ఇంట్లో గట్టిగా మాట్లాడరు, తలుపు చప్పుడు కానివ్వరు. ఆ మనిషి నిద్రకు ఆ ఇల్లు ఇచ్చే గౌరవమే, అదే ఇంట్లో పోటీకి తయారయ్యే బిడ్డ నిద్రకూ దక్కాలి.

ఆ గౌరవం ఆడపిల్లలకు అందరికన్నా తక్కువగా దక్కుతోంది. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పనిలో పాలుపంచుకునే మగవాళ్లు 97 నిమిషాలే వెచ్చిస్తున్నారని తేలింది. ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా పడుకుని, అందరికన్నా ముందు లేచే అమ్మాయి 800 మీటర్ల పరుగులో వెనకబడితే, అది ఆమె కాళ్లలో సత్తువ లేక కాదు. సత్తువకు ఇక్కడ నిదర్శనాలున్నాయి. 2021 సెప్టెంబరులో ఈ మూడు జిల్లాలకూ నడుమనున్న హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అక్కడే హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుంచి సునీతా రాణి పేరిట ఉన్న జాతీయ రికార్డును తిరగరాసింది. మన కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024లో కోబెలో 400 మీటర్ల పారా విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. కూతురు కూడా పరుగెత్తాలని కోరుకునే ఇల్లు ముందుగా ఇవ్వవలసింది ఖరీదైన షూలు కాదు, రాత్రి గిన్నెలు తోమే పనిలో అన్నదమ్ముల వాటా.

గదికి నలుగురు చొప్పున ఉంటూ, పగలు పనిచేస్తూ, రాత్రి చదివే పేదింటి పిల్లలకు ఎనిమిది గంటల నిద్ర దొరల ముచ్చట కాదా అన్నది చివరి అభ్యంతరం, అన్నిటికన్నా బరువైనది. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేను. వాళ్లకు నేను చెప్పగలిగేది, రోజుల లెక్క కుదరకపోతే వారం లెక్క చూసుకోండి అని. వారానికి ఆరు రోజులు తెల్లవారుజామున లేచి అలసటతో పరుగెత్తేకన్నా, నాలుగు రోజులు నిండా నిద్రపోయి పరుగెత్తడం మేలు. నిద్ర చాలని రోజు పరుగు మానాలా, నిద్ర మానాలా అన్న ప్రశ్న వస్తే, ఆ రోజు పరుగే మానండి. ఇక బరువంతా పిల్లల భుజాల మీదే పెట్టకూడదు. రాత్రి పదకొండు దాకా క్లాసులు పెట్టి, నాలుగున్నరకు గ్రౌండులో హాజరు పట్టే కోచింగ్ సెంటర్లు ఆ రెండింటిలో ఒకటి మార్చుకోవాలి. ఈవెంట్స్‌కు ఊళ్ల నుంచి వచ్చే అభ్యర్థులు బస్టాండులోనో రైల్వే స్టేషనులోనో రాత్రి గడపకుండా, కేంద్రం దగ్గర తలదాచుకునే చోటు చూపించడం జిల్లా యంత్రాంగానికి పెద్ద ఖర్చు కాదు.

నిద్ర కోసం మాత్రల వైపు, మద్యం వైపు చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ రాత్రి రెండో భాగాన్ని చెడగొడుతుంది. మన తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం ఎన్ని కుటుంబాలను పీల్చి పిప్పి చేసిందో అందరికీ తెలుసు. అదే మందును డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రగా మింగడం అదే గోతిలో దిగడం. నిద్ర పట్టని రాత్రి చేయవలసింది చాలా సులువు. ఇరవై నిమిషాలు గడిచినా రెప్ప పడకపోతే పక్క మీద కుస్తీ పట్టకండి. లేచి, ఫోను ముట్టుకోకుండా, మసక వెలుతురులో కాసేపు కూర్చుని, నిద్ర ముంచుకొచ్చినప్పుడు మళ్లీ పడుకోండి. గడియారం వైపు చూడకండి. రాత్రి ఎలా గడిచినా పొద్దున లేచే వేళ మార్చకండి. 2016లో అమెరికా వైద్యుల సంఘం ఒకటి కూడా దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకన్నా ముందు ఇలాంటి అలవాట్ల చికిత్సనే వాడమని సూచించింది. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలల పాటు ఇదే తంతు సాగితే మాత్రం అది అప్పుడప్పుడూ వచ్చే ఇబ్బంది కాదు, డాక్టరుకు చూపించవలసిన జబ్బు.

చివరగా, పరుగుకు తయారవుతున్న ప్రతి ఒక్కరికీ, వాళ్లకు నేర్పే ప్రతి కోచ్‌కూ నా విన్నపం. రౌండ్లు, టైమింగ్ రాసుకునే నోటుబుక్కులో ఇంకో గడి గీయండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో, పగలు ఎంతసేపు కునుకు తీశారో రోజూ అందులో రాయండి. రెండు నెలలు గడిచాక టైమింగ్ గడిని, నిద్ర గడిని పక్కపక్కన పెట్టి చూడండి. నేను చెప్పింది నిజమో కాదో మీ ఒళ్లే మీ అంకెల్లో తేల్చి చెబుతుంది. గ్రౌండులోకి రాగానే నిన్న ఎన్ని రౌండ్లు కొట్టావని అడిగే కోచ్, రాత్రి ఎంతసేపు నిద్రపోయావని కూడా అడగడం మొదలుపెడితే, తక్కువ నిద్రను గొప్పగా చెప్పుకునే అలవాటు ఈ గ్రౌండ్లలో పోతుంది. అది పోయాక, ఈవెంట్స్ ముందు రాత్రి ఎవరికైనా నిద్ర పట్టకపోయినా, నెలల తరబడి కూడబెట్టిన దమ్ము పొద్దున ట్రాకు మీద వాళ్లకు అక్కరకు వస్తుంది.